తొందరపడ్డ చెయ్యి

లియోనా చెయ్యి ఇంకా కారు అద్దం మీదే ఉంది.

అద్దం వెనక ఆమె కొడుకు కార్నెల్ శవపెట్టె. శవం కారు వంతెన దాటి, పాత మంగలి షాపు మూల దగ్గర ఆగింది. బ్యాండు వాళ్లు రెండు వరసలుగా చీలి కారుకి దారి ఇచ్చారు. చర్చి దగ్గర్నుంచి ఇక్కడిదాకా ఒకటే కీర్తన, ఒకటే నడక. ఒక అడుగు వేసి, ఆగి, ఒంటిని కాస్త ఊపి, మళ్లీ అడుగు. ట్రెమే పేటలో పోయినవాళ్లని ఇలాగే సాగనంపుతారు. ఇక్కడినించి స్మశానానికి కారు తన దారిన తాను పోతుంది, బతికున్నవాళ్లు ఇటు తిరగాలి. దీన్నే శవాన్ని వదలడం అంటారు.

ఎప్పుడు వదలాలన్నది ట్రంపెట్ ఊదే నాయకుడి చేతిలో ఉండదు. పట్టీ వేసుకుని ముందు నడిచే మార్షల్ చేతిలోనూ ఉండదు. చిన్న డ్రమ్ము వాయించేవాడి బొటనవేలిలో ఉంటుంది. ఏడుపు పాట సాగినంతసేపూ డ్రమ్ము అడుగున తీగలు వదులుగా ఉంటాయి, తీగలకీ తోలుకీ మధ్య ఒక రుమాలు దోపి ఉంటుంది. దెబ్బ వేస్తే మూసిన తలుపు మీద గుద్దినట్టు మొద్దుగా మోగుతుంది. ఇంటివాళ్లు కారు మీంచి చెయ్యి తీసి, మొహం ఇటు తిప్పుకున్నాక అతను రుమాలు లాగేసి, డ్రమ్ము పక్కనున్న మీట పైకి నొక్కుతాడు. తీగలు బిగుసుకుని డ్రమ్ము గలగలమంటుంది. అదే కీర్తన చిందుల పాటవుతుంది, జనం గొడుగులు విప్పి ఆడతారు.

ఆ డ్రమ్ము వాయించే క్లోవిస్ జుట్టు నల్లగా ఉన్నప్పట్నించీ ఈ పని చేస్తున్నాడు. పేటలో ముసలమ్మలు బతికుండగానే పిల్లల్ని పిలిచి, "నన్ను పంపేటప్పుడు మాత్రం డ్రమ్ము క్లోవిస్‌దే ఉండాలి, ఏం?" అని మాట తీసుకునేవారు. వాయించేవాళ్లు ఊళ్లో చాలామంది ఉన్నారు. అతనిలా కాచుకుని నిలబడేవాడు లేడని వాళ్ల నమ్మకం.

ఆ శనివారం ఎండ మండిపోతోంది. నాయకుడు టిబో ట్రంపెట్ దించి, భుజం మీది తువ్వాలుతో పెదాలు తుడుచుకున్నాడు. అంతే. క్లోవిస్ ఎడమచెయ్యి డ్రమ్ము కిందికి వెళ్లింది, రుమాలు లాగింది, బొటనవేలు మీటని నొక్కింది, కర్రలు రెండూ తోలు మీద దొర్లాయి. అంతా జరిగిపోయాక గానీ క్లోవిస్‌కి తెలియలేదు.

డ్రమ్ము లేచాక దాన్ని వెనక్కి పిలవడం ఎవరి తరమూ కాదు. పెద్ద డ్రమ్ము వాయించే రూఫస్ ఒక్క క్షణం తెల్లబోయి, అలవాటు కొద్దీ అందుకున్నాడు. ట్రోంబోన్లు అందుకున్నాయి. క్లారినెట్ పైకెగిరింది. వెనకాల రోడ్డు నిండా ఉన్న జనం ఒక్క కేక పెట్టి గొడుగులు విప్పారు. వాళ్లకి ముందున్నది కనపడదు. డ్రమ్ము లేచిందంటే అమ్మ చెయ్యి తీసేసిందనే అనుకుంటారు.

లియోనా చెయ్యి తియ్యకుండానే తల తిప్పి చూసింది. ఆ చూపులో కోపం లేదు. చెంప మీద కొట్టించుకుని, ఎందుకు కొట్టారో తెలియని పిల్ల చూసినట్టు చూసింది. పాట మొదలైంది కదా అని డ్రైవరు కారు కదిలించాడు. అద్దం ఆమె అరచేతి కిందనించి జారిపోయింది.

క్లోవిస్ వాయిస్తూనే ఉన్నాడు. ఇప్పుడు ఆపితే ఆడుతున్న జనం ఒకరిమీద ఒకరు పడతారు. అందుకని తప్పు చేసినవాడే అందరికంటే గట్టిగా వాయించాల్సి వచ్చింది.

*

భోజనాలు చర్చి పక్కన హాల్లో పెట్టారు. గిన్నెల మీద మూతలు తీసేసరికి గంబో పులుసు వాసన, వేయించిన కోడి వాసన హాలంతా కమ్ముకున్నాయి. బ్యాండు వాళ్లు టోపీలు తీసి, చొక్కా గుండీలు విప్పుకుని గోడవార కూర్చున్నారు. క్లోవిస్ డ్రమ్ముని కాళ్ల మధ్య పెట్టుకుని, పైన రెండు చేతులూ ఆనించి కూర్చున్నాడు.

"ఏంటి బాబాయ్, అంత తొందర?" అన్నాడు టిబో పళ్లెం పట్టుకుని వచ్చి. "బస్సు వెళ్లిపోతోందా?"

రూఫస్ పొట్ట ఊగేలా నవ్వాడు. ఇంకో ఇద్దరు నవ్వారు. క్లోవిస్ నవ్వలేదు. ఆ మాట సూటిగా వచ్చి తగిలింది. బస్సు. తన చెయ్యి ఎక్కడ నేర్చుకుందో అతనికి అప్పుడు అర్థమైంది.

"నువ్వు మూతి తుడుచుకున్నావు," అన్నాడు మెల్లిగా.

"ఎండ బాబాయ్. తుడుచుకోనా?"

"తుడుచుకో. నేను తప్పు పట్టడంలేదు."

"పోనిద్దూ. జనం బానే ఆడారు. ఎవరికి తెలుస్తుంది?"

తెలిసింది లియోనాకి. ఆమె ఆ చివర బల్ల దగ్గర కూర్చుని ఉంది. ఆమె ముందు పళ్లెం పెట్టారు గానీ ముట్టుకోలేదు. వచ్చినవాళ్లు వంగి బుగ్గ మీద ముద్దు పెట్టి, ఒక మాట చెప్పి, తొందరగా వేరే బల్లలకి వెళ్లిపోతున్నారు. ఆమె పక్క కుర్చీలో ఎవరూ కూర్చోలేదు. కుడిచెయ్యి ఒళ్లో వెల్లకిలా పెట్టుకుని, దాన్నే చూసుకుంటోంది.

క్లోవిస్ రెండుసార్లు లేచాడు, రెండుసార్లూ కూర్చున్నాడు. చావు భోజనాల దగ్గర ఏం మాట్లాడాలో అతనికి బాగా తెలుసు, ఎన్నిసార్లు మాట్లాడాడో లెక్కలేదు. ఇవాళ ఒక్క మాటా నోటికి రాలేదు. అతని వెనకాల గిన్నెలు సర్దుతున్న ఇద్దరు ఆడవాళ్లలో ఒకావిడ, "బ్యాండు వాళ్లు కూడా తొందరగా వదిలించుకున్నారు చూశావా," అంది. రెండో ఆవిడ, "ఉష్," అంది. అది తనని తిట్టినట్టే తీసుకున్నాడు క్లోవిస్. ఆ మాటలో ఇంకేదో ఉందని అప్పుడు తట్టలేదు.

*

సోమవారం పొద్దున అతని భార్య ఇనెజ్ ఎర్ర చిక్కుడు గింజలు పొయ్యి మీద పెట్టింది. మధ్యాన్నానికి అవి మెత్తగా ఉడికి చిక్కబడ్డాక, ఒక గిన్నెలో పోసి, మీద పళ్లెం బోర్లించి, గుడ్డ కట్టి మొగుడి చేతికిచ్చింది.

"ఏం చెప్పను?" అన్నాడు.

"చెప్పడానికి వెళ్తున్నావా, గింజలివ్వడానికి వెళ్తున్నావా? ముందు గిన్నె ఇవ్వు. మాట దానంతట అదే వస్తుంది."

లియోనాది వంతెన అవతల సందులో మూడు గదులు వరసగా ఉన్న చెక్క ఇల్లు. వీధి తలుపు తీసే ఉంది. ముందు గదిలో బల్ల వేసుకుని చొక్కాలు ఇస్త్రీ చేస్తోంది. కార్నెల్ చొక్కాలు. కాలరు తిరగేసి, నీళ్లు చిలకరించి, కొసల నించి మధ్యకి నొక్కి, చేతులు వెనక్కి మడిచి, పక్కన అట్టపెట్టెలో పేరుస్తోంది. లేనివాళ్లకి ఇవ్వడానికి చర్చికి పంపే పెట్టె అది. ఆస్పత్రి లాండ్రీలో పనిచేసే చేతులు కాబట్టి ఒక్కో చొక్కా కొట్లోంచి తెచ్చినట్టు తయారవుతోంది.

"లోపలికి రానా అమ్మా?"

"తలుపు తీసే ఉంది కదా అన్నా."

అతను గిన్నె కిటికీ దిమ్మ మీద పెట్టాడు. కూర్చోమని ఆమె అనలేదు. టోపీ తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. ఇనెజ్ చెప్పినట్టు మాట దానంతట అది రాలేదు.

లియోనానే అడిగింది, ఇస్త్రీ మీంచి తల ఎత్తకుండా. "ఎవరు చెప్పారన్నా నీకు?"

"ఏం చెప్పారమ్మా?"

"తొందరగా వదిలెయ్యమని. టిబో చెప్పాడా? లేకపోతే నువ్వే అనుకున్నావా, జైల్లో చచ్చినవాడికి ఈమాత్రం చాల్లే అని?"

"అదేం మాటమ్మా..."

"నాకేం తెలీదనుకుంటున్నారు అందరూ. వాడు పోలీసులకి జతగాళ్ల పేర్లు చెప్పాడని పేటంతా అనుకుంటోంది. చర్చిలో నా బెంచీ మీద నేనొక్కదాన్నే కూచుంటున్నా. చెప్పాడో లేదో నాకూ తెలీదన్నా. అడుగుదామంటే జైలువాళ్లు నన్ను లోపలికి పోనివ్వలేదు, తరవాత జొరమొచ్చి పోయాడన్నారు. చెప్పినా నా కొడుకే, చెప్పకపోయినా నా కొడుకే." ఇస్త్రీపెట్టె ఒకేచోట ఆగిపోయింది. ఆమె చూసుకుని చప్పున ఎత్తింది. "కానీ ఆ మూల దగ్గర మీరు ఎవడికైనా ఆగుతారు. దొంగకి ఆగుతారు, తాగుబోతుకి ఆగుతారు. మా నాన్నకి ఆగావు నువ్వు. ఆయనేం పుణ్యాత్ముడు కాదు, మా అమ్మ వీపు చూస్తే తెలిసేది. అయినా మా అమ్మ చెయ్యి తీసేదాకా ఎండలో నిలబడ్డావు. నా కొడుక్కి ఆగలేదు. అంటే వాడు చెప్పాడనే నువ్వు కూడా తేల్చేశావు."

క్లోవిస్ ఇలాంటిది ఊహించలేదు. తను తప్పు వాయించాడని ఆమె బాధపడుతోందనుకున్నాడు. తను తీర్పు చెప్పాడని ఆమె బాధపడుతోంది. పేటలో మనుషులు నోరు విప్పి అననిదాన్ని తన డ్రమ్ము నడిరోడ్డు మీద అనేసింది.

"నాకెవరూ ఏం చెప్పలేదమ్మా. ఆ పుకారు నా చెవిన కూడా పడలేదు. నా చెయ్యి... దానంతట అదే వెళ్లింది."

"చెయ్యి దానంతట అదే వెళ్లిందా." ఆమె మొదటిసారి అతని మొహం చూసింది. "నీ చెయ్యా? నేను పుట్టకముందు నించీ ఆ డ్రమ్ము కొడుతున్న చెయ్యా? నన్ను చిన్నపిల్లననుకుంటున్నావా అన్నా?"

"హోటల్లో అలవాటైపోయింది."

"ఏ హోటల్?"

అతను టోపీ అంచు వేళ్లతో తిప్పుతూ ఉండిపోయాడు. పేటలో ఈ సంగతి ఎవరూ పెద్దగా మాట్లాడుకోరు. బ్యాండు వాళ్లకి అది తిండి పెడుతుంది, కాబట్టి ఎవరూ వేలెత్తి చూపరు కూడా.

"నది పక్కన పెద్ద హోటల్. ఊరు చూడ్డానికి వచ్చినవాళ్ల కోసం బుధవారం బుధవారం చేస్తాం."

"ఏం చేస్తారు?"

"చావు."

ఆమె ఇస్త్రీపెట్టె నిలబెట్టింది. "ఎవరిది?"

"ఎవరిదీ కాదు."

"పెట్టె?"

"పెట్టె ఉంటుంది. లోపల ఇసుక మూట పెడతారు. లేకపోతే తేలిగ్గా ఉండి, మోసేవాళ్ల భుజాల మీద ఎగిరెగిరి పడుతుంది."

"ఏడ్చేవాళ్లు?"

"ఒకమ్మాయి వస్తుంది. నల్ల ముసుగేసుకుని."

అతనే చెప్పుకుపోయాడు. "ఏడుపు పాట వాళ్లకి విసుగు. కాస్త వాయిస్తాం. వాకిట్లో ఆకుపచ్చ గుడ్డ పందిరుంది, దాని దగ్గరికి రాగానే టిబో ట్రంపెట్ దించి మూతి తుడుచుకుంటాడు. నాకు అది గుర్తు. వదిలేస్తాను. బస్సులు కాచుకుని ఉంటాయి కదా, ఆలస్యమైతే హోటల్ వాళ్లు ఊరుకోరు. మొన్న మూల దగ్గర టిబో ఎండకి తట్టుకోలేక మూతి తుడుచుకున్నాడు. నా కన్ను చూసింది. చెయ్యి వెళ్లిపోయింది. అంతేనమ్మా. దేవుడి సాక్షి."

ఆమె మళ్లీ చొక్కా అందుకుంది. "ఎవడో మూతి తుడుచుకుంటే నా కొడుకు పోయాడన్నమాట," అంది. "బానే అల్లుకొచ్చావన్నా. గింజలు అందాయని, మా ఇనెజ్ వదిన్ని అడిగానని చెప్పు."

అతనికి ఒళ్లు మండింది. తన మీద తనకి మండింది. "అల్లడం కాదు. ఎల్లుండి పదకొండింటికి వచ్చి నీ కళ్లతో చూడు," అన్నాడు.

*

రమ్మని అనడమైతే అన్నాడు గానీ, వంతెన దాటేసరికి ఇంకో ఆలోచన పట్టుకుంది. లియోనా వస్తే, ఆమె చూస్తుండగా, తను ఎవరిదీ కాని చావుకి ఎందుకు వాయించాలి? కార్నెల్‌కి వాయించవచ్చు. పందిరి దగ్గర టిబో మూతి తుడుచుకున్నా, హోటల్ మనిషి కళ్లెర్రజేసినా, రుమాలు తియ్యడు. లియోనా మొహం తిప్పుకునేదాకా మొద్దు దెబ్బ వాయిస్తూనే ఉంటాడు. శనివారం ఎగ్గొట్టినదంతా బుధవారం ఇచ్చేస్తాడు. ఆ ఆలోచన వచ్చాక గుండె కాస్త తేలికపడింది.

మంగళవారం వంటింటి బల్ల మీద తువ్వాలు నాలుగు మడతలు వేసి, దాని మీద కర్రలతో ఏడుపు పాట వాయించాడు. డ్రమ్ము పక్కనే కుర్చీకి తగిలించుకుని, ఎడమచేతిని మీటకి దగ్గరగా ఉంచాడు.

"ఇనెజ్, ఇటు నిలబడి మూతి తుడుచుకో."

"నాకిదేం ఖర్మ," అంటూనే ఆమె ఎదురుగా నిలబడి నడుముకి కట్టుకున్న వంటగుడ్డతో మూతి తుడుచుకుంది. క్లోవిస్ చెయ్యి కదల్లేదు. మళ్లీ తుడుచుకోమన్నాడు. ఆమె రకరకాలుగా తుడుచుకుంది, ఒకసారి టిబోలా భుజాలు ఎగరేసి మరీ తుడుచుకుంది. చెయ్యి కదల్లేదు.

"చూశావా?" అన్నాడు.

"చూశాను. నా మూతికి విలువ లేదని తెలిసింది."

అతను నవ్వాడు. శనివారం తరవాత అదే మొదటి నవ్వు. పాత బూటు తాడు ఒకటి మేకుకి వేలాడుతోంది. దాంతో మీటని కట్టేస్తే ఏ గొడవా ఉండదు కదా అని ఒకసారి అనిపించింది. తాడు చేతిలోకి తీసుకున్నాడు కూడా. తన చేతిని తానే కట్టేసుకునేంత గతి పట్టలేదులే అనుకుని, మళ్లీ మేకుకే తగిలించాడు.

*

హోటల్ వాకిట్లో బోర్డు పెట్టి ఉంది. 'అసలైన జాజ్ అంత్యక్రియలు' అని. ఆ మాట పేటలో ఎవరూ వాడరు. ఫలానావాణ్ని పాటతో పంపారు అంటారు, అంతే. ఆ వారం ఎక్కడినించో పళ్ల డాక్టర్లు సభకి వచ్చారట. అందరి చేతుల్లో హోటల్ వాళ్లిచ్చిన తెల్ల చేతిరుమాళ్లు, చిన్న కాగితం గొడుగులు. ముసుగు అమ్మాయి రాలేదని హోటల్ మనిషి చిందులు తొక్కుతున్నాడు.

అప్పుడే లియోనా వచ్చింది. శనివారం వేసుకున్న నల్ల గౌనే, నల్ల టోపీయే. హోటల్ మనిషి ఆమెని చూసి బతికిపోయినట్టు మొహం పెట్టాడు.

"నిన్నే పంపారా? ముసుగేది? సరే, ఇలాగే బావుంది. రా, రా, పెట్టె వెనకాల నడువు. కాస్త తల వంచుకో."

క్లోవిస్ నోరు తెరిచాడు. లియోనా అతనివైపు చూసి వద్దన్నట్టు తల ఆడించింది. వెళ్లి ఇసుక మూట ఉన్న పెట్టె వెనకాల నిలబడింది.

టిబో ట్రంపెట్ ఎత్తాడు. క్లోవిస్ మీట దించి, రుమాలు నున్నగా పరిచి, మొదటి దెబ్బ వేశాడు. ఆ వాకిట్లో ఇన్నాళ్లూ అతను అలా వాయించలేదు. దెబ్బకీ దెబ్బకీ మధ్య ఎంత ఖాళీ ఉండాలో అంత ఉంచాడు. రూఫస్ పక్కచూపు చూసి, తనూ పెద్ద డ్రమ్ముని తగ్గించాడు. క్లారినెట్ ముసలాయన కీర్తనని సాగదీసి, ఒక్కో స్వరం తెగిపోతుందేమో అన్నంత సన్నగా లాగాడు. డాక్టర్లు నవ్వడం మానేశారు. కెమెరాలు మాత్రం ఆగలేదు. లియోనా మొహానికి మరీ దగ్గరగా ఒకాయన కెమెరా పెట్టాడు. ఆమె తల వంచుకోలేదు, తల తిప్పుకోలేదు. ఒక అడుగు, ఆగడం, మళ్లీ అడుగు.

కార్నెల్, ఇది నీకు, అనుకున్నాడు క్లోవిస్. మీ అమ్మ వెళ్లిరమ్మనేదాకా ఎవడొచ్చినా ఈ ఏడుపు పాట ఆపను.

పందిరి దగ్గరికి వచ్చారు. బ్యాండు రెండుగా చీలింది. మోసేవాళ్లు పెట్టెని మధ్యకి తెచ్చి ఆపారు. లియోనా క్లోవిస్‌కి ఎదురుగా, చేతికందేంత దూరంలో ఉంది. ఆమె కుడిచెయ్యి లేచింది. మెల్లిగా వెళ్లి పెట్టె చెక్క మీద ఆనింది. క్లోవిస్ ఆ చేతినే చూస్తున్నాడు. ఆ చెయ్యి తప్ప లోకంలో ఇంకేదీ చూడకూడదని చూస్తున్నాడు. కంటి కొసన ఎక్కడో తెల్లగా తువ్వాలు కదిలింది.

డ్రమ్ము గలగలమంది.

రూఫస్ అందుకున్నాడు. ట్రోంబోన్లు అందుకున్నాయి. డాక్టర్లు హమ్మయ్య అన్నట్టు కేకలు పెట్టి కాగితం గొడుగులు విప్పారు. రుమాలు క్లోవిస్ కాళ్ల దగ్గర పడి ఉంది. దాన్ని తనే లాగాడని నమ్మడానికి అతనికి కాస్త సమయం పట్టింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. చేతులు మాత్రం వాయిస్తూనే ఉన్నాయి, చక్కగా, ఎక్కడా తడబడకుండా.

లియోనా పెట్టె మీద చెయ్యి తియ్యలేదు. తల ఎత్తి అతని మొహం చూస్తోంది.

*

బస్సులు వెళ్లాక అతను పందిరి స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. లియోనా వచ్చింది. ఏం అంటుందో అననీ అని, తల దించుకుని ఎదురుచూశాడు.

"ఆగుదామనే వచ్చానమ్మా ఇవాళ," అన్నాడు. "ఒట్టు. నువ్వు చెయ్యి తీసేదాకా ఆగుదామనే వచ్చాను. నా వల్ల కాలేదు."

"తెలుసన్నా. వాయిస్తుంటే తెలిసింది. మా వాడికే వాయిస్తున్నావని." ఆమె అతని మొహంలోకి చూసింది. "ఆగాలని వచ్చి కూడా ఆగలేకపోయావు. అందుకే నమ్మాను. శనివారం కూడా నీ మొహం ఇలాగే ఉంది. నేనప్పుడు కళ్లనీళ్లలో సరిగ్గా చూడలేదు."

క్లోవిస్ తన ఎడమచేతిని చూసుకున్నాడు.

"నా చెయ్యి కూడా వెళ్లింది చూశావా?" అందామె. "లోపల ఇసుకని నాకు తెలుసు. నువ్వు చెప్పావు కదా. అయినా వెళ్లి ఆనింది. చేతులకేం తెలుస్తుందన్నా." అని అతని ఎడమచేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని, జబ్బు చేసిన పిల్లాడి చెయ్యి నిమిరినట్టు నిమిరింది. "అయితే మా వాడి మీద ఏం లేదన్నమాట నీ మనసులో. వాణ్ని ఎవరూ తోసెయ్యలేదు."

"లేదమ్మా. ఎవరూ తోసెయ్యలేదు."

ఆమె గట్టిగా ఊపిరి వదిలింది. శనివారం నించీ బిగబట్టుకున్న ఊపిరిలా ఉంది అది. మొహం ఒక్కసారిగా పదేళ్లు చిన్నదైంది. ఆమెకి ఉపశమనం ఇచ్చింది తన పాడైపోయిన చెయ్యేనని క్లోవిస్‌కి తెలుస్తోంది. సంతోషించాలో సిగ్గుపడాలో తెలియలేదు. రెండూ ఉన్నాయి, సిగ్గే ఎక్కువుంది.

వెళ్లబోతూ ఆగింది. "చర్చిలో చెప్పుకోనా అన్నా? బ్యాండు వాళ్లు కావాలని చెయ్యలేదని."

"చెప్పమ్మా."

"ఊరికే చెప్తే నమ్మరు." ఆమె ఇబ్బందిగా టోపీ సర్దుకుంది. "నీ పేరు చెప్పాలి. హోటల్ సంగతి, చెయ్యి సంగతి. నీ పేరంటే అందరికీ ఒక ఇది కదా. మంచి పేరుని పాడుచేసినట్టవుతుందేమో."

తన డ్రమ్ముతోనే పంపమని పిల్లల దగ్గర మాట తీసుకున్న ముసలమ్మలు ఆ చర్చిలోనే కూర్చుంటారు. క్లోవిస్‌కి ఒక్కొక్కరి మొహం కళ్లముందు కదిలింది. "పేరు పెట్టే చెప్పు," అన్నాడు. "క్లోవిస్ చెయ్యి చెడిందని చెప్పు. నన్నడిగితే నేనూ అదే చెప్తాను."

ఆమె రోడ్డు దాటి బస్సు స్టాపు వైపు నడిచింది. అక్కడ కూర్చున్న ఎవరో ముసలావిడ పక్కన కూర్చుని, అప్పుడే ఏదో మాట్లాడడం మొదలుపెట్టింది. చేతులు తిప్పుతూ చెబుతోంది.

టిబో తువ్వాలు పిండుకుంటూ వచ్చాడు. "బావుంది బాబాయ్, ఇవాళ ఏడుపు పాట అదరగొట్టావు. హోటల్ వాళ్లు కొంచెం పొడుగైందన్నారనుకో. సరే గానీ, శనివారం ముసలి హెస్టర్ గారిని సాగనంపాలి. నువ్వే కావాలని ఆవిడ ఎప్పుడో చెప్పిపెట్టిందట. తొమ్మిదింటికల్లా చర్చి దగ్గరుండు."

"నన్ను చావులకి పిలవకు టిబో."

"ఏంటీ?"

"ఇక నించి వద్దు."

టిబో నొచ్చుకున్నట్టు చూశాడు. "నువ్వేదో హోటల్ మానేస్తానంటావనుకున్నాను. ఆవిడొచ్చి నిలబడ్డప్పుడే అనుకున్నా. అందరూ ఎప్పుడో ఒకప్పుడు అదే అంటారు."

"హోటల్‌కి వస్తాను. చావులకే రాను."

"మతి పోయిందా నీకు? పేటలో నీకంటే బాగా వాయించేవాడు ఎవడున్నాడు?"

"వాయించేవాళ్లు ఉన్నారు. ఆగేవాణ్ని వెతుక్కో."

టిబో ఇంకేదో అనబోయి, ముసలాయన మొహం చూసి మానుకున్నాడు. రెండో జట్టు బస్సులు వచ్చి ఆగాయి. హోటల్ మనిషి చప్పట్లు కొట్టి అందరినీ పిలుస్తూ, ఆ నల్ల గౌను ఆవిడ ఏదని అడుగుతున్నాడు. క్లోవిస్ వంగి నేలమీది రుమాలు తీసి దులిపి, తీగలకీ తోలుకీ మధ్య దోపి, మీట దించి, పెట్టె ముందు తన చోట నిలబడ్డాడు.